చూసిన మనిషి

కట్టు విప్పుతుంటే పర్శరాములు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. గాజుగుడ్డ చివరి పొర పుండుకు అతుక్కుంది. కృపాకుమారి సెలైన్ పోసి, నానే దాకా ఆగింది. చూపుడు వేలు, మధ్య వేలు సగానికి లేవు. మంటగా ఉందంటాడేమో అనుకుంది. అతను అడిగింది వేరు.

"సిస్టర్, మీ ఫోన్లకెల్లి ఒక్కపారి ఇంటికి కొడ్తరా? నా నంబరు జూస్తే ఎత్తుతలేదు."

"ఎవరండీ?"

"ఇంకెవలు, మా ఇంటామె భూమవ్వ."

జెబెల్ అలీలో రేకుని ప్రెస్ మిషన్‌లో వంచి ఏసీ గొట్టాలు తయారుచేసే ఫ్యాక్టరీ అది. క్లినిక్ అంటే రెండు మంచాలు, ఒక మందుల బీరువా, ఒక నర్సు. ఆ నర్సు కృపాకుమారిది పాలకొల్లు దగ్గర ఊరు. ఉన్న ఒక్క నర్సుకీ తెలుగు రావడంతో జగిత్యాల, సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్ళు ఒంట్లో బాగున్నా బాగోకపోయినా ఆమె దగ్గరికే వస్తారు.

పర్శరాములు ఒక్కో ముక్కా మింగుతూ చెప్పాడు. దెబ్బ తగిలిన మరునాటికే కబురు ఊరు చేరింది. ఫోన్‌లో మాట్లాడుతూ మిషన్‌లో చెయ్యి పెట్టాడని.

"ఆ టైముకు నాతోని మాట్లాడలే గద, మరెవలితోని మాట్లాడుతున్నవని అడుగుతది. ఎవలితోని లేదే అంటే, మందంత అబద్ధమాడ్తరా అంటది. నేనేం జెప్పాలె?"

"మాట్లాడారా?"

అతను మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "మీరు గూడ అడుగుతున్నరా సిస్టర్?"

"అడక్కపోతే ఎలా తెలుస్తుందండీ?"

"మాట్లాడలే."

జేబులోంచి పాత ఫోను తీసి నంబరు చూపించాడు. కృపాకుమారి తన ఫోన్ నుంచి చేసింది. రెండో రింగుకే ఎత్తారు.

"భూమవ్వ గారాండీ? దుబాయ్ నుంచి మాట్లాడుతున్నాను. పర్శరాములు గారి గురించి..."

"ఓహో. నువ్వేనా ఆమె?"

"ఎవరు?"

"నా మొగనికి ఫోన్ల వడి మిషనే కనవడకుంట జేసినామె. ఇగ నాకే ఫోన్ జేసుడు మొదలువెట్టినవా? సిగ్గు లేదు నీకు?"

ఫోన్ పెట్టేసింది. కృపాకుమారి చెవులు ఎర్రబడ్డాయి. పర్శరాములు మంచి చేత్తో నుదురు కొట్టుకున్నాడు.

"ఆడమనిషి గొంతు ఇన్నది గద సిస్టర్. అనుమానం ఇంకింత బలపడ్డది."

సరిగ్గా అప్పుడే ప్రమోద్ లోపలికి వచ్చాడు. హైదరాబాదు కుర్రాడు, సేఫ్టీ ఆఫీసర్, తెల్ల హెల్మెట్. పేషెంటు వైపు చూడకుండానే కాగితం బల్లమీద పెట్టాడు.

"సిస్టర్, ఆదివారం క్యాంపు మెస్‌లో సేఫ్టీ డే. హిందీ స్పీచ్ నాది, తెలుగు స్పీచ్ మీది. ముదీర్ ఓకే అన్నాడు, మేనేజరే అన్నాక ఇంకేముంది. అంతా రాసిచ్చాను. చదివితే చాలు. వీడియో తీస్తాం, అన్ని వాట్సాప్ గ్రూపుల్లోనూ వేస్తాం."

అతను వెళ్ళాక ఆమె చదివింది. మూడో పేరా దగ్గర ఆగిపోయింది.

'మన ఫ్యాక్టరీలోనే జరిగిన ఉదాహరణ. ప్రెస్ సెక్షన్ హెల్పర్ పర్శరాములు డ్యూటీలో మొబైల్ మాట్లాడుతూ తన వేళ్ళు తానే పోగొట్టుకున్నాడు. ఒక్క కాల్! ఒక్క నిర్లక్ష్యం!'

"ఏమున్నది సిస్టర్ అండ్ల?" అన్నాడు పర్శరాములు. అతనికి చదువు రాదు.

"నీళ్ళు బాగా తాగాలని ఉంది," అంది కృపాకుమారి. కాగితం మడిచి, కొత్త కట్టు కట్టింది.

అతని వీసా రద్దయింది. సోమవారం టికెట్. ఆదివారం ఆమె నోటితో ఈ మాట వస్తే, అతని కంటే ముందు ఆ వీడియో ఇల్లు చేరుతుంది. ఇక జన్మలో భూమవ్వకు ఏం చెప్పినా నమ్మదు.

*

డాక్టరు ఫోన్‌లో చెప్పిన మందు పేరును కూడా తిరిగి చదివి వినిపించి, ఆయన అవునన్నాకే సూదిలోకి లాగే మనిషి కృపాకుమారి. మర్నాడు టీ టైముకి ప్రమోద్‌ని పట్టుకుంది.

"ఇది మీకెవరు చెప్పారు?"

"అందరూ చెప్పారు."

"అందరిలో ఒకరి పేరు చెప్పండి."

"క్యాంపు మొత్తం అదే మాట సిస్టర్. అందుకేగా నేను మెస్‌లో పోస్టర్ వేసింది."

"క్యాంపులో ఎవర్ని అడిగారు?"

"ఎవర్ని అడగాలి? అందరికీ తెలిసిందే కదా!" నవ్వాడు. "స్పీచ్ అంటే ఉదాహరణ ఉండాలి. లేకపోతే ఎవడూ వినడు. యల్లా, వెళ్ళాలి, నాకు మీటింగుంది."

సాయంత్రం ఆమె షార్జా వెళ్ళే స్టాఫ్ బస్సు ఎక్కలేదు. కార్మికులుండే క్యాంపుకి పోయే బస్సు ఎక్కింది. అల్ నహ్దాలోని ఇంట్లో వంట పని ఈరోజు నీదేనని విల్సన్‌కి మెసేజ్ పెట్టింది. మొగుడు ఎర్ర ముఖం బొమ్మ పంపాడు. ఆ వెంటనే బొటనవేలు.

మెస్ గుమ్మం పక్కనే పోస్టర్. మిషన్ ముందు నిలబడ్డ మనిషి, చెవి దగ్గర ఫోను, చేతిలోంచి కారే రక్తం. పేరు లేదు. అవసరమూ లేదు. ఆ కింద ఎవడో పెన్సిల్‌తో 'హలో బంగారం' అని రాశాడు.

కృపాకుమారికి ఒళ్ళు మండిపోయింది. పళ్ళేల ముందు కూర్చున్న వాళ్ళ మధ్యకి వెళ్ళింది.

"పర్శరాములు ఫోన్ మాట్లాడటం ఎవరు చూశారండీ?"

"అందరు జూసిన్రు," అన్నాడొకడు.

"మీరు చూశారా?"

"నేను పెయింటింగ్ల ఉంటి. గ్రూపుల జూసిన."

"మీరు?"

"నేను నైట్ డ్యూటీ. గ్రూపులనే."

"ఏంది సిస్టర్, మందులిచ్చుడు బంద్ జేసి సీఐడీ పని వట్టిన్రా?"

"దుబాయ్ పోలీసుల జేరింది గావచ్చురా!"

బల్ల బల్లంతా నవ్వింది. గది మూలన పర్శరాములు కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని అన్నం తింటున్నాడు. తల ఎత్తలేదు. అతని బల్ల దగ్గర ఇంకెవరూ లేరు.

గ్రూపు నడిపేది క్యాంపు బాస్ త్రిమూర్తులు. విజయనగరం మనిషి. కడక్ టీ తెప్పించి మరీ కూర్చోబెట్టాడు.

"నేనే పెట్టానమ్మా. నా సొంత కవిత్వం కాదు కదా! గోడమీద పోస్టర్ ఫొటో తీసి పెట్టాను. కంపెనీ ముద్ర ఉంది. కంపెనీ అబద్ధం రాస్తుందేటి?"

"పోస్టర్ కంటే ముందు మీకు తెలుసా?"

త్రిమూర్తులు కప్పులోకి చూశాడు. "లేదమ్మా."

అంటే క్యాంపు గ్రూపుని నమ్మింది. గ్రూపు పోస్టర్‌ని నమ్మింది. పోస్టర్ వేసినవాడు క్యాంపు చెప్పిందంటున్నాడు. గానుగెద్దులా మాట తిరిగిన చోటే తిరుగుతోంది. నలిగేది మధ్యలో మనిషి.

అక్కడి నుంచే ప్రమోద్‌కి ఫోన్ చేసింది. "క్యాంపుకి మీ పోస్టర్ వల్లే తెలిసిందట. మీకు మొదట చెప్పింది ఎవరు? గాలి చెప్పదు కదా."

ప్రమోద్ నసిగి చెప్పాడు. "రాజబాబు. ఫోర్‌మన్. ఆయన స్పాట్‌లో ఉన్నాడు. చాలా?"

*

ఆమె వెళ్ళక్కర్లేకపోయింది. మర్నాడు రాజబాబే క్లినిక్‌కి వచ్చాడు, ఖర్జూరాల డబ్బాతో.

"చెల్లెమ్మా, మీది పాలకొల్లంట కదా? మాది ఆచంట. కూతవేటు దూరం. ఇన్నాళ్ళూ తెలీనే లేదు చూడు."

"కూర్చోండి. బీపీ చూడమంటారా?"

"బీపీ నాకెందుకుంటదమ్మా? నీకు తెప్పిస్తున్నారని తెలిసి వచ్చా." స్టూలు లాక్కున్నాడు. "ఎవడో ఊరోడి గొడవ. సోమవారం వెళ్ళిపోతాడు, ఖలాస్. నువ్విక్కడ ఉండాల్సినదానివి. మనోళ్ళం మనం. అన్నయ్యలా చెప్తున్నా."

"ప్రమాదం మీరు చూశారా అన్నయ్యా?"

"కళ్ళారా చూశా."

"నేను స్పీచ్‌లో చెప్పాలి కదా. కాస్త వివరంగా చెప్పండి."

రాజబాబు ముఖం విప్పారింది. "అట్టా అడుగు. చెవికాడ ఫోనెట్టుకుని నవ్వుతా మాట్లాడతన్నాడు. ఒరే వద్దురా అని అరిచా. వినలా. ప్రెస్ దిగిపోయింది. ఫోన్ ఎగిరి సిమెంటు గచ్చు మీద పడింది."

"పగిలిందా?"

"పగలడమా? తుక్కుతుక్కు!"

కృపాకుమారి పెన్ను మూత పెట్టింది. మొన్న ఇదే స్టూలు మీద కూర్చుని పర్శరాములు తీసిన ఫోను ఆమె కళ్ళముందు ఉంది. పాతది. గాజు మీద గీత లేదు.

"ఏమ్మా, రాసుకోవా?"

"గుర్తుంటుంది," అంది. ఖర్జూరాల డబ్బా తిరిగి అతని చేతిలో పెట్టింది. "నాకు షుగరండి."

ఆమెకు షుగర్ లేదు.

లంచ్ గంట కొట్టగానే గేటుకి నడిచింది. ఎండ నెత్తిమీద ఇనుప రేకులా ఉంది. కరోనా అప్పుడు మొదలైన పద్ధతి ఒకటి ఇంకా నడుస్తోంది. కార్మికులు డ్యూటీకి లోపలికి వచ్చేటప్పుడు ఫోన్లు గేటు దగ్గరి చెక్క గూళ్ళలో పెట్టాలి. ఫోర్‌మన్లకి ఆ రూలు లేదు. అయితే సాక్సులో రెండో ఫోను దాచుకెళ్ళే ఘనులు ఉన్నారు. అందుకే పోస్టర్ చూసి ఎవడూ అనుమానపడలేదు.

గార్డు నేపాలీ. ఆ రోజు పర్శరాములు ఫోను ఎక్కడుందని హిందీలో అడిగింది. అతను ఆలోచించను కూడా లేదు.

"పర్శరాములు ఫోనా? గూట్లోనే ఉంది మేడమ్. అంబులెన్స్ పోయాక ప్రెస్ దగ్గరి అల్లాబకాష్ వచ్చి అడిగితే నా చేత్తో నేనే ఇచ్చాను."

"అతనికి ఇంకో ఫోన్ ఉందా?"

"ఆయనకా?" గార్డు నవ్వాడు. "ఆ ఒక్కటి వాడటమే రాదు. సాయంత్రం నంబరు నేనే నొక్కిస్తుంటాను."

"ఈ మాట ఆఫీసులో చెప్పలేదే?"

"ఎవరైనా అడిగితే కదా?"

*

శుక్రవారం సాయంత్రం అల్లాబకాష్ కడుపు పట్టుకుని క్లినిక్‌కి వచ్చాడు. ప్రొద్దుటూరు వాడు. ప్రెస్ దగ్గర పర్శరాములుకి జతగాడు. ఆమె కడుపు నొక్కి చూస్తుంటే ఎక్కడ నొక్కినా నొప్పే అన్నాడు.

"నొప్పి కడుపులో లేదు కదా?" అంది.

అతను లేచి తలుపు వేశాడు.

"నేను పిలిపించానని ఎవరితో అన్నావు?"

"ఎవరితో అనలేదక్కా. మందుల కోసమని సెప్పినా. గూట్లో ఉన్న ఆయన ఫోను గార్డు దగ్గర తీసుకున్నింది నేనేనక్కా." కూర్చున్నాడు. చేతులు రెండూ ముందుకు చాపి, లేని రేకుని పట్టుకున్నాడు. "ఇదో, ఇట్ల. ఆ పక్క ఆయన, ఈ పక్క నేను. రేకు మీద గీత ఉంటాది. గీత అచ్చు కిందికి సర్దాల. సర్దినాక చేతులు తీసేసి దబావ్, అంటే నొక్కమని, అరుస్తాం. అప్పుడు పెడల్ తొక్కాల. అరవకుండా తొక్కకూడదు. అది లెక్క."

"తొక్కింది ఎవరు?"

"ఆపరేటర్‌కి ఆ పొద్దు జొరం. రాజబాబు నిలబడినాడు. పని తొందరగా కావాలని." అల్లాబకాష్ తల పక్కకు వంచి, భుజానికీ చెవికీ మధ్య ఏదో నొక్కిపట్టినట్టు చూపించాడు. "ఫోను ఇట్ల పెట్టుకోని మాట్లాడతా ఉండాడు. మేం సర్దతానే ఉండాం. దబావ్ అనలా. నేనూ అనలా, ఆయనా అనలా. కాలు పడింది."

చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"ఫోన్ మాట్లాడినోడు వాడు! చెయ్యి పోగొట్టుకున్నోడి మీద పెట్టినారక్కా!"

"ఇన్ని రోజులూ ఎందుకు నోరు మూసుకున్నావు?" కృపాకుమారి గొంతు అనుకోకుండా లేచింది.

"ఎవురడిగినారు నన్ను? రాజబాబునడిగినారు, రాసుకున్యారు, పోయినారు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే నా వీసా తిరగరాసేటప్పుడు వాడే సంతకం పెట్టాల." లేచి నిలబడ్డాడు. "నా పేరు బయటికి రానీయొద్దు. నీకు పున్నెం ఉంటాది." రానివ్వనని కృపాకుమారి మాటిచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె స్పీచ్ మళ్ళీ రాసింది. రాజబాబు పేరు పెద్ద అక్షరాలతో రాసింది. పెడల్ రాసింది. భుజం మీద ఫోను రాసింది. విల్సన్ చదివి, కంచం జరిపాడు.

"అదరగొట్టావు. రాజబాబుని చూసింది ఎవరు?"

"అల్లాబకాష్."

"ఇంకెవరు?"

ఆమె కంచంలో అన్నం కెలికింది.

"ఆ ఒక్కడూ రేపు నేను చూడలేదంటే?"

"నిజమే చెప్పాడు విల్సన్. నాకు తెలుసు."

"ప్రమోద్‌కీ తెలుసు, రాజబాబు నిజమే చెప్పాడని."

కోపంతో కాగితం లాక్కుంది. కానీ ఆ మాట ముల్లులా దిగింది. ఒక్కడి మాట మీద పర్శరాముల్ని దొంగని చేశారు. ఒక్కడి మాట మీదే రాజబాబుని చేస్తే తన కాగితానికీ ఆ పోస్టర్‌కీ తేడా ఏముంటుంది? ఫోను ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఇద్దరూ చెప్పింది ఒకటుంది. తాను స్వయంగా చూసింది ఒకటుంది. అవి ఉంచింది. మిగిలినవి ఒక్కో వాక్యం కొట్టేస్తుంటే పళ్ళు నూరుకుంది.

*

శనివారం అల్లాబకాష్ పేరు మాత్రం దాచి, ప్రమోద్‌కి అన్నీ చెప్పింది. అతను హెల్మెట్ తీసి జుట్టు పీక్కున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. భయస్తుడు.

"రిపోర్ట్ పైకి పోయింది సిస్టర్. ఇప్పుడు తప్పంటే నా ఉద్యోగం పోతుంది. ఒక పని చేద్దాం. ఆ పేరా తీసేద్దాం. నీళ్ళు, హెల్మెట్, గ్లవ్స్. దిగిపోండి. ఎవరికీ నష్టం లేదు."

"పర్శరాములుకి?"

"మనం ఆయన పేరే ఎత్తట్లేదుగా!"

"పోస్టర్ ఎత్తేసింది. మనం ఊరుకుంటే ఆ మాటే ఉండిపోతుంది."

"సిస్టర్, దయచేసి..."

"నేను చూసుకుంటాను," అంది. ఏం చూసుకుంటుందో అతనూ అడగలేదు.

ఆదివారం మెస్ కిక్కిరిసింది. బల్లలు గోడలకి జరిపారు. లడ్డూలు, జ్యూస్ డబ్బాలు, బ్యానర్. ముందు కుర్చీలో ముదీర్, పక్కన రాజబాబు ఇస్త్రీ చొక్కాలో. సెలవు రోజు, పైగా క్యాంపు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. పర్శరాములు తలుపు దగ్గర నిలబడ్డాడు, ఎప్పుడైనా బయటికి పోయేందుకు వీలుగా.

కృపాకుమారి మైకు తీసుకుంది. నీళ్ళ గురించి చెప్పింది. ఉప్పు, పంచదార కలుపుకోవడం గురించి చెప్పింది. ఆవలింతలు వినిపించాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"గుమ్మం దగ్గర ఒక పోస్టర్ ఉంది. మీరంతా చూశారు. ఆ ప్రమాదం నేను చూడలేదు. చూడనిది చూశానని చెప్పను. అడిగి తెలుసుకున్నది చెబుతాను."

ఆవలింతలు ఆగాయి.

"ఆ రోజు పర్శరాములు ఫోను గేటు దగ్గర గూట్లో ఉంది. దాన్ని తీసిచ్చిన మనిషిని అడిగాను. తీసుకున్న మనిషిని అడిగాను. ఇద్దరూ ఒకటే చెప్పారు. ఆ ఫోను ముక్కలైందని ఒకరు నాతో అన్నారు. ఆ ఫోను నేను చూశాను. గీత కూడా లేదు. ఆ పోస్టర్ అబద్ధం."

ఫోన్లు ఒక్కొక్కటే పైకి లేచాయి. రాజబాబు కుర్చీ కిర్రుమంది.

"మరి తప్పు ఎవరిది? నాకు ఒక్కరే చెప్పారు. ఒక్కరి మాట మీద ఇక్కడ ఎవరి పేరూ చెప్పను. ఆ అన్యాయం ఒకసారి జరిగింది చాలు. ఆ రోజు ప్రెస్ దగ్గర ఎవరెవరు నిలబడ్డారో వాళ్ళందర్నీ కంపెనీ అడగాలి. ఒక్కర్ని కాదు. అందర్నీ."

మైకు చచ్చిపోయింది. స్పీకరు వైరు ప్రమోద్ చేతిలో ఉంది. ముదీర్ అతని వైపు వంగి ఆమె ఏం చెప్పిందని ఇంగ్లీషులో అడిగాడు. ప్రమోద్ వైరు వెనక్కి దాచాడు. "నీళ్ళ గురించి సార్," అన్నాడు.

ఎవడో ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు నాలుగు వరసలు పాకింది. ముదీర్‌కి అర్థమైంది. లేచి, ఆమెను వేలితో చూపించి, రేపు ఆఫీసుకి రమ్మన్నాడు.

*

లడ్డూలు అయిపోతున్నాయి. రాజబాబు ఆమె పక్కనుంచి పోతూ, "మనోళ్ళు అనుకున్నా," అని ఉమ్మినట్టు అన్నాడు. త్రిమూర్తులు పోస్టర్ ఊడదీస్తున్నాడు, ఎవరూ చెప్పకుండానే. నిన్నటిదాకా నవ్వినవాళ్ళు ఇప్పుడు పర్శరాములు చుట్టూ చేరి జ్యూస్ డబ్బాలు ఇస్తున్నారు. "నేను ముందే అన్నరా, ఆయన అసొంటోడు కాదని!" కృపాకుమారికి వాళ్ళ మీద ఇంకా మండింది.

ఆమె ఫోన్ మోగింది. ఇండియా నంబరు.

"నేను భూమవ్వను."

"చెప్పండి."

"వీడియో వచ్చింది. జూసిన." గొంతు గట్టిగానే ఉంది. "నువ్వు నర్సువంట గద. అప్పుడు ఎర్కలేక తిట్టిన. గని నువ్వే అంటివి, నేను జూడలేదని. గూట్ల ఉన్నదని వాళ్ళన్నరు, వీళ్ళన్నరు. ఇన్నొద్దులు మాకు గూడ వాళ్ళు వీళ్ళే జెప్పిన్రు. జూసినోడు ఉన్నడా లేడా? ఉంటే మాట్లాడిపియ్యి. లేకుంటే పెట్టేస్త."

రెండు బల్లల అవతల అల్లాబకాష్ కూర్చుని ఉన్నాడు. ఆమె పిలవలేదు. మాటిచ్చింది. ఫోను చెవి నుంచి దించి, స్పీకర్ నొక్కి బల్లమీద పెట్టింది.

"భూమవ్వ గారూ, ఇంకోసారి అనండి."

"జూసినోడు ఉన్నడా అని అడుగుతున్న."

మాట మెస్‌లో అందరికీ వినిపించింది. పర్శరాములు తల పైకెత్తాడు. రాజబాబు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. అల్లాబకాష్ చేతిలో సగం తిన్న లడ్డూ ఉంది. దాన్ని కింద పెట్టాడు. చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. లేచి వచ్చాడు.

"ఉండాడు వదినా. నేనే. అల్లాబకాష్ నా పేరు."

చెప్పాడు. రేకు, గీత, దబావ్, పెడల్. భుజం మీద ఫోను ఎవరిదో పేరు పెట్టి చెప్పాడు, గుమ్మం వైపు చూస్తూనే. ఆపలేదు. చివరికి, "ఆయన ఎవురితోనూ మాట్లాడలేదు వదినా. రేకు పట్టుకోనుండాడు. అంతే," అన్నాడు.

లైను పోయిందేమోనని కృపాకుమారి వంగి చూసింది. పోలేదు.

"ఏ చెయ్యి?" అంది భూమవ్వ.

"ఏంది వదినా?"

"పోయింది ఏ చెయ్యి? ఇన్నొద్దులు ఊరంత ఫోను ఫోను అన్నరే గని, ఏ చెయ్యో ఒక్కలు జెప్పలే. నేనూ అడగలే." ఆ గట్టి గొంతు నడుమకు విరిగింది. "ఆయనకియ్యుండ్రి ఫోను."

పర్శరాములు వచ్చి బల్లముందు కూర్చున్నాడు. కట్టుకట్టిన చేతిని ఫోను పక్కన పెట్టాడు, ఆమెకు కనబడుతుందన్నట్టు.

"ఎడమదే," అన్నాడు. "తినెటందుకు కుడిది ఉన్నది."